నడుము నొప్పి తగ్గింది, కానీ బండ మళ్ళీ ఎత్తలేదు

విశాఖపట్నంలో దాదాపు ముప్ఫై ఏళ్ళు ఇళ్ళకి గ్యాస్ బండలు వేశాను. ఇప్పుడు నా వయసు 56. పోయిన ఏడాది నడుములో డిస్క్ (వెన్నెముక ఎముకల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటిది) జారి, కుడి కాలు తిమ్మిరెక్కి, కొన్ని నెలలు మందులూ ఫిజియోథెరపీతో గడిచాయి. ఇప్పుడు నడుస్తున్నాను, మెట్లు ఎక్కుతున్నాను, రాత్రి నిద్ర పడుతోంది. అయినా పని మానేశాను. "తగ్గింది కదా, ఇంకో రెండేళ్ళు లాగితే 58 నిండుతుంది, అప్పుడు మానేస్తే పెన్షన్ పూర్తిగా వస్తుంది కదా" అని అడగనివాళ్ళు లేరు. మా ఏజెన్సీలో నా తోటివాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇదే ఆలోచనలో నలుగుతున్నారు, బరువులు మోసే పనుల్లో ఉన్న మిగతావాళ్ళకీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది, అందుకే నేను ఏం చూసుకుని మానేశానో వివరంగా రాస్తున్నాను.

ముందు బండ సంగతి. ఇంట్లో వాడే బండలో గ్యాస్ 14.2 కిలోలు. ఖాళీ బండ బరువు 15 నుంచి 16 కిలోలుంటుంది, ఏ బండకి ఎంతో దాని మీదే రాసి ఉంటుంది. అంటే నిండు బండ ముప్ఫై కిలోలకి అటూ ఇటూ. భుజం మీద తువ్వాలు మడిచి వేసుకుని దాని మీద బండ ఎక్కించుకుంటాం, మూడో అంతస్తుకి వెళ్ళి వంటింట్లో దించుతాం, ఖాళీది పట్టుకుని దిగుతాం. ఎక్కించుకునేటప్పుడు కంటే దించేటప్పుడే నడుముకి కష్టం, ఎందుకంటే వంటిళ్ళు ఇరుకు, తలుపు పక్కనుంచి ఒళ్ళు తిప్పి, వంగి, చప్పుడు కాకుండా పెట్టాలి. ఈ తిప్పడమూ వంగడమూ ఒకేసారి చేయడమే డిస్క్‌కి అన్నిటికంటే చెడ్డదని తర్వాత డాక్టరు చెప్పారు.

నా లైను అక్కయ్యపాలెం, తాటిచెట్లపాలెం, కంచరపాలెం, ఆపైన మాధవధార వైపు. 1999లో దీపం పథకం వచ్చాక కొండవాలు ఇళ్ళకి కూడా గ్యాస్ వచ్చింది, అంతకుముందు అక్కడ కట్టెలూ కిరోసినే. ఆ ఇళ్ళకి ఆటో వెళ్ళదు, రోడ్డు మీద ఆపి మెట్ల మీద మోసుకెళ్ళాల్సిందే. కష్టమే, కానీ మొదటిసారి పొయ్యి వెలిగించి చూపించినప్పుడు ఆ ఆడవాళ్ళ ముఖాలు చూసినవాడికి ఆ మెట్లు ఎక్కువ అనిపించవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్ళో చెట్లన్నీ రోడ్ల మీద పడి ఉన్నాయి, రోజుల తరబడి కరెంటు లేదు, ఎక్కడో ఆటో ఆపేసి కొమ్మల మీంచి దాటుకుంటూ బండలు చేర్చాం. ఇదంతా ఎందుకంటే, ఈ పనిని నేను ఏదో జీతం రాళ్ళ కోసం చేసిన పనిగా చూడలేదు. మానడం తేలిక కాలేదు.

నడుం పట్టేయడం మా పనిలో అందరికీ ఉండేదే. ఓ రోజు కాస్త నొప్పి, రాత్రి నూనె రాసుకుని కాపడం పెట్టుకుంటే పొద్దుటికి సర్దుకునేది. ఈసారి వచ్చింది అది కాదు. పిర్ర దగ్గర మొదలై తొడ వెనకనుంచి పిక్క బయటివైపుకి, అక్కణ్ణించి బొటనవేలి దాకా కరెంటు షాకులా లాగేది. దగ్గినా తుమ్మినా ప్రాణం పోయేది. నిలబడితే కొంచెం నయం, కూర్చుంటే నరకం. ఆటోలో కూర్చోవడమే కష్టమైపోయింది.

కాలి బలం తగ్గిందని నాకంటే ముందు కనిపెట్టింది మాధవధారలో ఒక పెద్దావిడ. బండ దించి క్యాపు తీసి వాషరు చూస్తుంటే ఆవిడ అంది: "ఏటి బావూ, నీ అడుగు చప్పుడు మారిపోనాది? మెట్లు ఎక్కుతుంటే ఓ చెప్పు టపటపమంటంది." నిజమే. కుడి పాదం ముందు భాగం సరిగ్గా లేవడం లేదు, చెప్పు నేలకి కొట్టుకుంటోంది. కిందికి దిగి రోడ్డు పక్కన చెప్పులు విప్పి చూసుకున్నాను, ఎడమ బొటనవేలు పైకి లేస్తోంది, కుడిది ఎంత బలవంతం చేసినా సగం దాకానే వచ్చి ఆగిపోతోంది. నొప్పికి భయపడలేదు కానీ ఆ వేలు నా మాట వినకపోవడం చూసి మాత్రం ఒళ్ళు చల్లబడింది.

డాక్టరు పడుకోబెట్టి కాలు మోకాలు వంచకుండా పైకి లేపారు, కొంచెం లేపేసరికే అరిచాను. మడమల మీద నడవమన్నారు, కుడివైపు రాలేదు. ఎమ్మారై తీస్తే ఎల్4, ఎల్5 ఎముకల మధ్య డిస్క్ బయటికి ఉబికి నరాన్ని నొక్కుతోందని వచ్చింది. ఆపరేషన్ అంటారేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. ఆయన నింపాదిగా చెప్పారు: ఇలా జారిన డిస్క్ చాలామందికి ఆపరేషన్ లేకుండానే 6 నుంచి 12 వారాల్లో నెమ్మదిస్తుంది, బయటికి వచ్చిన గుజ్జుని శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. కానీ బలం ఇంకా తగ్గితే ఆలస్యం చేయకూడదు. మూత్రం బిగుసుకుపోయినా, పట్టు తప్పినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి రావాలి, అప్పుడు గంటలు కూడా లెక్కే. ఈ చివరి మాట మా ఆవిడ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది. నడుం నొప్పి ఉన్న ప్రతివాళ్ళ ఇంట్లోనూ ఆ కాగితం ఉండాలని నా అభిప్రాయం.

బలం తగ్గుతోందా లేదా అని చూడడం మా ఆవిడ పని అయింది. రోజూ పొద్దున్నే కాఫీ ఇచ్చి, నా బొటనవేలి మీద తన చూపుడువేలు పెట్టి, "లేపండి" అనేది. నేను లేపేవాణ్ణి, తను కిందికి నొక్కేది. మొదట్లో తన వేలు బరువుకే నాది కిందికి పోయేది. పోనీ ఎందుకులే అని ఒక్క రోజు కూడా వదల్లేదు తను. చాలా వారాలకి ఒక ఉదయం నా వేలు తన వేలిని కొద్దిసేపు ఆపింది, ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు, తను లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చింది.

మంచానికి అతుక్కుపోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. నొప్పి భరించలేని మొదటి రెండు మూడు రోజులు తప్ప, కొంచెం కొంచెంగా నడవాలి. నరాల నొప్పికి ఇచ్చిన మాత్ర వేసుకుంటే తల తిరిగేది, అందుకని మా అబ్బాయి పక్కన ఉండేవాడు. రైల్వే న్యూ కాలనీ వైపు తెల్లవారుజామున నడిచేవాళ్ళం, మొదట ఒక వీధి చివరిదాకా, తర్వాత రెండు. ఫిజియోథెరపీ అమ్మాయి బోర్లా పడుకుని మోచేతుల మీద లేవమనేది, నొప్పి పాదం నుంచి పైకి జరిగి నడుము దగ్గరికి వచ్చేస్తే మంచి గుర్తు అని చెప్పింది. అలాగే జరిగింది. పాదంలో షాకులు పోయాయి, తర్వాత పిక్కలో, ఆఖరికి నడుములో బిగుతు ఒక్కటే మిగిలింది.

అప్పుడే ఏజెన్సీ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. తప్పేం లేదు, మనుషులు కావాలి, 2024 నవంబరులో దీపం-2 కింద ఏడాదికి మూడు బండలు ఉచితం అయ్యాక బుకింగులు ఎక్కువైపోయాయి. ఓనరు మంచివాడు, "కింది అంతస్తుల లైను ఇస్తాను, రావయ్యా" అన్నాడు. నాకు కూడా వెళ్ళాలనే ఉంది. ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగాను. "బాబాయ్ గారూ, నొప్పి తగ్గిందా అని మీరు అడుగుతున్నారు. నేను ఇంకోటి అడుగుతాను. అమెరికాలో కార్మికుల భద్రత మీద పనిచేసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ ఒక లెక్క వేసింది, బరువు ఒంటికి దగ్గరగా ఉండి, వంగకుండా, తిరగకుండా, అన్నీ అనుకూలంగా ఉంటేనే మనిషి ఒంటికి హాని లేకుండా ఎత్తగలిగేది మహా అయితే 23 కిలోలని. మీ బండ ఎంత? మీ వంటిళ్ళలో వంగకుండా తిరగకుండా దించగలరా?" దానికి నా దగ్గర జవాబు లేదు. కింది అంతస్తయినా వంటిల్లు వంటిల్లే కదా.

ఈ మాట విన్నాకే డబ్బుల లెక్కకి కూర్చున్నాం. ఇది ముందే తెలిసుంటే చాలామందికి సగం భయం తగ్గుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. పీఎఫ్‌లో పదేళ్ళ సర్వీసు ఉంటే 58కి పెన్షన్ వస్తుంది. 50 దాటాక ముందే తీసుకోవచ్చు, కానీ 58కి ఎన్నేళ్ళు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గిస్తారు, ఆ తగ్గింపు జన్మంతా ఉంటుంది. నా పీఎఫ్ ఆలస్యంగా మొదలైంది, జీతం తక్కువ, కాబట్టి ఇప్పటిదాకా చేసిన సర్వీసుకి 58లో వచ్చేది నెలకి రెండున్నర వేల దగ్గర. ఇప్పుడే తీసుకుంటే 8 శాతం పోతుంది, అంటే నెలకి రెండొందలు. ఆ రెండొందల కోసం రెండేళ్ళు బండలు మోయాలా? పైగా అది కూడా పోనక్కర్లేదు. పని ఇప్పుడు మానేసి, పెన్షన్‌కి మాత్రం 58 నిండాక దరఖాస్తు పెట్టుకోవచ్చు. పని మానడం ఒక నిర్ణయం, పెన్షన్ ఎప్పుడు మొదలుపెట్టుకోవాలన్నది ఇంకో నిర్ణయం. మాలో చాలామంది ఈ రెండిటినీ ఒకే ముడి వేసి, 58 దాకా ఆగాల్సిందేనని కూర్చున్నారు. 55 దాటి పని మానేస్తే పీఎఫ్ డబ్బు మొత్తం తీసుకోవచ్చు. ఐదేళ్ళు దాటిన సర్వీసుకి, పని మానేటప్పుడు ఓనరు ఇవ్వాల్సిన గ్రాట్యుటీ ఉంది, చేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున, అది అడగడానికి మొహమాటం అక్కర్లేదు, మన హక్కు.

రెండోవైపు లెక్క కూడా వేశాం. జబ్బు చేస్తే ఈఎస్ఐ (కార్మికుల బీమా) వాళ్ళు ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తారు. నాకు ఇచ్చారు, అది లేకపోతే అప్పుల పాలయ్యేవాళ్ళం. కానీ అది కాగితం మీద ఉన్న జీతంలో 70 శాతం. మా రాబడిలో పెద్ద భాగం ఇళ్ళలో చేతిలో పెట్టే పైడబ్బు, దానికి ఈఎస్ఐ లేదు, పీఎఫ్ లేదు. మా ఆవిడ పాస్‌బుక్ మూసి ఒకటే అడిగింది: "ఇంకోసారి జారి, ఈసారి ఆపరేషనే అయి, కాలు ఇలాగే ఉండిపోతే, మీ రెండేళ్ళ జీతం దానికి చాలుతుందా?" అబ్బాయి అచ్యుతాపురంలో పనిచేస్తున్నాడు, తను పొద్దున్న టిఫిన్లు అమ్ముతుంది, ఇల్లు గడుస్తుంది. ఇంత ఆసరా లేనివాళ్ళు ఉన్నారని నాకు తెలుసు, వాళ్ళని మానేయమని చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ వాళ్ళయినా ఈ రెండు వైపుల లెక్కా వేసుకోవాలి, 58 అనే అంకె ఒక్కటే పట్టుకుని కూర్చోకూడదు. ఆ అంకె పీఎఫ్ ఆఫీసుది, మన నడుముది కాదు.

సంక్రాంతి వెళ్ళాక ఓనరుకి చెప్పేశాను. కొత్త కుర్రాడికి లైను చూపించడానికి కొన్ని రోజులు తిరిగాను, బరువు ముట్టుకోకుండా. ఏ ఇంట్లో బండ వాకిట్లోనే దించమంటారు, ఎవరికి ఫోన్‌లో వచ్చిన కోడ్ చదవడం రాదు, ఏ మెట్టు విరిగింది, ఇవన్నీ చెప్పాను. ఇద్దరు కలిసి ఎత్తగలిగిన చోట ఒక్కడే ఎత్తొద్దని, తిరగాల్సి వస్తే నడుము కాకుండా పాదాలు తిప్పమని కూడా చెప్పాను. మాధవధార పెద్దావిడ నా చేతిలో బండ లేకపోవడం చూసి "మంచి పని చేసినావు బావూ" అని టీ ఇచ్చింది. కొన్ని ఇళ్ళలో ఏడ్చినంత పనయింది.

ఇప్పుడు మా ఆవిడ టిఫిన్ల దగ్గర లెక్కలు చూసుకుంటున్నాను, బియ్యం బస్తా మాత్రం అబ్బాయే దించుతాడు. నడక మానలేదు. బొటనవేలు దాదాపు ఎడమదానితో సమానంగా లేస్తుంది కానీ నొక్కితే ఇంకా ముందుగా లొంగిపోతుంది, పాదం పైన రూపాయి బిళ్ళంత చోట స్పర్శ సరిగ్గా రాలేదు. నరం కోలుకోవడానికి నొప్పి కంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది, ఏడాది దాకా చూడమన్నారు డాక్టరు. వచ్చే నెలలో మళ్ళీ చూపించుకోవాలి. గ్రాట్యుటీ కాగితాలు ఇచ్చాను, ఆధార్‌లోనూ పీఎఫ్‌లోనూ పుట్టిన తేదీ తేడాగా ఉంటే అది సరిచేయించాను, పెన్షన్ కాగితాలు మాత్రం 58 నిండాకే పెడతాను.