మూసేసిన ఫైర్‌ప్లేస్ తెరిచాం, ఇంకా వెలిగించలేదు

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మేం కొన్నది 1900ల మొదట్లో కట్టిన టెర్రస్ ఇల్లు, అంటే పక్కిళ్ళతో గోడలు కలిసి వరసగా ఉండేది. ముందు గదిలో ఒక గోడ మధ్యలో ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది, దాన్ని ఇక్కడ చిమ్నీ బ్రెస్ట్ అంటారు, మంట వేసే ఫైర్‌ప్లేస్, పొగ గొట్టం దాని లోపలే ఉంటాయి, మాదాన్ని ఎవరో ఇటుకలతో మూసేశారు, కింద చిన్న ప్లాస్టిక్ జాలీ తప్ప ఇంకేం కనపడేది కాదు. ఆ జాలీ దగ్గర చెయ్యి పెడితే సన్నగా చల్లగాలి తగిలేది, గోడని వేలితో కొడితే డొల్లగా మోగేది. రెండేళ్ళు చూసీ చూసీ ఈ ఫిబ్రవరి సెలవుల్లో తెరిచేశాం. మార్చి వస్తే పిట్టలు గూళ్ళు పెట్టడం మొదలుపెడతాయి, అవి వాడుతున్న గూడు తీయడం ఇక్కడ నేరం, అందుకే ఆ తొందర.

ఇన్ని ఇళ్ళలో వీటిని ఎందుకు మూశారా అని నాకు ఎప్పుడూ ఉండేది. 1952 డిసెంబర్‌లో లండన్‌లో బొగ్గు పొగ, మంచు కలిసి ఐదు రోజులు కమ్మేసి వేలమంది చనిపోయారు, ఆ దెబ్బకి 1956లో పొగని అదుపుచేసే క్లీన్ ఎయిర్ యాక్ట్ అనే చట్టం వచ్చింది, తర్వాత నార్త్ సీ అనే సముద్రం అడుగున దొరికిన గ్యాస్ వచ్చి ఇంటింటికీ గ్యాస్ హీటర్లు పెట్టేశారు. పక్కింటి గుజరాతీ ఆంటీ వాళ్ళు 1972లో ఉగాండా నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళు కొనేసరికే వాళ్ళింట్లో కూడా ఇటుకలు పెట్టేసి ఉందంట.

కొట్టే ముందు గ్యాస్ ఇంజనీర్‌ని పిలిపించాం, మంచి పని చేశాం, పాత హీటర్ పైపు ఫ్లోర్ కింద ఇంకా లైవ్‌లోనే ఉంది. దాన్ని ఆయన కట్ చేసి సీల్ చేశాక నేను ఉలి పట్టుకున్నా. పాత ఇటుకలు సున్నంతో కట్టినవి, మూసినవి సిమెంట్‌తో, రెండిటికీ తేడా చూడగానే తెలిసిపోతుంది. పైన ఆర్చ్ ముట్టుకోకుండా దాని కింది ఇటుక ఒకటి బయటికి లాగాను, అంతే, మసి ధారగా జారింది. మాస్క్ లేకుండా మాత్రం ఈ పని చెయ్యొద్దు, చిమ్నీలు తుడిచేవాళ్ళకి మసి వల్ల క్యాన్సర్ వస్తోందని పెర్సివల్ పాట్ అనే లండన్ డాక్టర్ 1775లోనే రాశాడు. మసి తర్వాత పుల్లలు, జాక్‌డా అని ఇక్కడ చిన్న కాకి ఉంటుంది, అది పైనుంచి వేసినవి, మూడు బస్తాలయ్యాయి. అన్నీ తీస్తే అడుగున ఇనప జల్లెడ, దానిమీద సగం కాలిన నాలుగు బొగ్గులు. ఎవరో ఆఖరిసారి వేసిన మంట అది. పారెయ్యబుద్ధి కాలేదు, గిన్నెలో పెట్టి దాచాను.

ఆ రాత్రి అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే ముచ్చటపడుతుందనుకున్నా. "పొగ ఎటు పోతుందో చూశావా నాన్నా?" అని అడిగింది ముందు. కట్టెల పొయ్యి మీద పాతికేళ్ళు వండిన మనిషి.

సరే అని స్వీప్‌ని, అంటే చిమ్నీలు తుడిచే ఆయన్ని పిలిచాం. ఆయన గొట్టమంతా తుడిచి, కింద పొగ బిళ్ళ వెలిగించి, ముందు ప్లాస్టిక్ షీట్ కట్టేసి అందరం ఇల్లంతా తిరగండి అన్నాడు. బయట చిమ్నీ మీద పొగ చక్కగా వస్తోంది, ఆంటీ వాళ్ళ వైపు ఏం లేదు, నేను హమ్మయ్య అనుకునేలోపు మా ఆవిడ పైనుంచి కేక వేసింది. పాప పడుకునే గదిలో, మంచం వెనకాల గోడలోంచి తెల్లగా, దారంలా పొగ. బొగ్గు పొగలో ఉండే గంధకం, తడి కలిసి ఏళ్ళ తరబడి సున్నాన్ని తినేస్తాయంట, గొట్టానికి గొట్టానికి మధ్య ఉండే పల్చటి ఇటుక గోడ అలా కూలిపోతుందంట. ఆ పొగ కాబట్టి కంటికి కనపడింది, మంటలోంచి వచ్చే, ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) అయితే రంగూ లేదు వాసనా లేదు. అది తలచుకుని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే ఓపెన్ మంట ఆలోచన మానేశాం. మాది ఎలాగూ స్మోక్ కంట్రోల్ ఏరియా, అంటే పొగ మీద ఆంక్షలున్న ప్రాంతం, మామూలు ఓపెన్ ఫైర్‌ప్లేస్‌లో కట్టెలు కాల్చకూడదు. గొట్టంలో పైనుంచి కిందదాకా స్టీల్ లైనర్, అంటే లోపల ఇంకో స్టీల్ గొట్టం వేయించి, తలుపు మూసి కట్టెలు కాల్చే, అనుమతి ఉన్న స్టవ్ పెట్టిస్తున్నాం, రెండు గదుల్లోనూ సీఓ అలారం కొన్నాం. ఇది చదివి ఎవరైనా గోడ పగలగొడదామనుకుంటే ఇటుకలు తీయడం ఒక రోజు పని, పొగ టెస్ట్ అయ్యేదాకా అగ్గిపుల్ల గీయొద్దు, ప్లీజ్.

లైనర్ వచ్చే నెల వేస్తారు. వేశాక స్వీప్ ఇంకోసారి పొగ పెడతాడు, ఆ రోజు పాప గదిలో నేనే కూర్చుంటాను.