ఎడమ చెంప మీది మచ్చ

పోయిన వేసవిలో డెన్వర్ నుంచి వయోమింగ్‌లో ఆదివాసీ తెగలకు కేటాయించిన విండ్ రివర్ రిజర్వేషన్ వైపు వెళ్లాం. అక్కడ ఫోర్ట్ వాషకీ శ్మశానంలో తూర్పు షోషోనీలు అనే ఆదివాసీ తెగ నాయకుడు వాషకీ సమాధి చూశాను. 1900లో ఆయన చనిపోతే సైనిక లాంఛనాలతో ఖననం చేశారట. ఆయన ఫోటో ఒకటి మంచి కాగితం మీద అచ్చు వేయించి ఇంట్లో పెట్టుకోవాలని ఆ రోజే అనుకున్నాను.

మొదటి చిక్కు పేరుతోనే వచ్చింది. పాత రికార్డుల్లో ఆయన పేరును తలా ఒక రకంగా రాశారు. నాకు నచ్చిన గాజు నెగటివ్ ఉన్న సంస్థ జాబితాలో అయితే పేరే లేదు, ‘షోషోనీ చీఫ్’ అని మాత్రమే ఉంది. 1868 జూలై 3న అమెరికా ప్రభుత్వంతో కుదిరిన ఫోర్ట్ బ్రిడ్జర్ ఒప్పందం మీద తన ప్రజల తరఫున సంతకానికి బదులు గుర్తు పెట్టిన మనిషి ఆయన. అలాంటి మనిషి ఫోటో కింద పేరు లేకపోవడం చూస్తే మనసు చివుక్కుమంది. అదే ఫోటో పాత కాగితపు ప్రతి ఇంకోచోట పేరుతో సహా దొరికాకే ధైర్యంగా ఫారం నింపి, స్కానింగ్ రుసుము కట్టాను.

రెండు వారాలకు ఫైలు వచ్చింది. పెద్దది చేసి చూస్తే ఏదో తేడాగా అనిపించింది. బ్లాక్‌ఫీట్ అనే మరో తెగ యోధుల బాణం తగిలి ఆయన ఎడమ చెంప మీద లోతైన మచ్చ పడిందని చదివాను. ఇందులో అది కుడి చెంప మీద ఉంది! మూలన నెగటివ్ మీద గీసిన సంఖ్య కూడా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. గాజు పలకకు మందు పూత ఒక వైపే ఉంటుంది. పలకను తిరగేసి పెట్టి స్కాన్ చేస్తే కుడి ఎడమ తారుమారవుతాయి.

నా వరకు బొమ్మను నేనే తిప్పుకోవచ్చు, క్షణం పని. కానీ రేపు అడిగే వాళ్లందరికీ ఆ తప్పు ముఖమే వెళుతుంది కదా! అందుకే ఉత్తరం రాశాను. ‘మా ఫైలు సరైనదే’ అని జవాబు వచ్చింది. ఈసారి కాగితపు ప్రతిని పక్కన పెట్టి, మచ్చ చుట్టూ, సంఖ్య చుట్టూ ఎర్ర గీతలు గీసి పంపాను. నెల తిరగకముందే కొత్త స్కాన్ వచ్చింది.

ఆ ఫోటో ఇప్పుడు మా ముందు గదిలో ఉంది, మచ్చ ఎడమ చెంప మీదే ఉంది. వాళ్ల జాబితాలో పేరు మాత్రం ఇంకా ఎక్కలేదు. నిన్న మళ్లీ ఉత్తరం రాశాను.