హెడ్డు పోలేదు

ఈద్ సెలవులకు పోతూ పోతూ ఎవరో బ్యానర్లు కొట్టే సాల్వెంట్ ప్రింటింగ్ మెషీన్ మెయిన్ స్విచ్ ఆపేశారు. కరెంటు బిల్లు మీద అంత ప్రేమ! మెయిన్ ఆన్‌లో ఉంటే మధ్యమధ్యలో తనే లేచి హెడ్డు, అంటే ఇంకు చిమ్మే భాగం, కడుక్కుంటుంది ఆ మెషీన్. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని మా షాపు షట్టర్ నాలుగో రోజు తీస్తే, బ్యానర్ మీద మజెంటా అంతా గీతలే.

"అన్నా, హెడ్డు పోయిందంటుండు ముదీర్" అన్నాడు జగిత్యాల తమ్ముడు. ముదీర్ అంటే ఇక్కడ మేనేజర్. గొంతు పీలగా ఉంది. కొత్త హెడ్డంటే నా మూడు నెలల జీతం, వాడికైతే ఇంకా ఎక్కువే.

గీత కనబడితే చాలు, అందరూ హెడ్డు మీదే పడతారు. కరీంనగర్‌లో ఫ్లెక్సీలు కొట్టిన రోజుల్లో మేమూ అంతే.

నాజిల్ చెక్ తీశాను, అంటే హెడ్డులోని సన్నటి రంధ్రాలన్నీ ఇంకు చిమ్ముతున్నాయో లేదో చూపే టెస్ట్ ప్రింటు. మజెంటాలో అక్కడక్కడ ఖాళీలు. క్లీనింగ్ కొట్టి మళ్లీ తీస్తే పోయినవి వచ్చాయి, వేరే చోట పోయాయి. అప్పుడు కొంచెం ఊపిరి పీల్చుకున్నా. ఇంకు గడ్డకట్టి మూసుకుపోతే ఖాళీ ప్రతిసారీ అదే చోట ఉంటుంది. చోటు మారుతోందంటే గాలి దూరినట్టు, లేదా ఇంకు అందనట్టు. ఇంకోసారి క్లీనింగ్ కొడితే ఇంకా ఎక్కువ పోయాయి. ఇక హెడ్డుకు కింద మూతలా ఉండే క్యాప్ చూడాల్సిందే.

కింది నుంచి పంపు ఇంకు లాగాలంటే క్యాప్ రబ్బరు అంచు హెడ్డుకు గాలి చొరకుండా అతుక్కోవాలి. టార్చి వేసి చూస్తే, గంజి ఎండిన గిన్నె అంచులా ఉంది. క్యాప్‌లో ఫ్లషింగ్ లిక్విడ్ పోసి పంపు తిప్పితే చుక్క దిగలేదు. పుల్లకు చుట్టిన స్పాంజితో అంచు, అడుగున రంధ్రం అరగంట తుడిచాక గుటగుటమని దిగింది. మళ్లీ నింపి, హెడ్డును దాని మీద గంట నానబెట్టాను. హెడ్డు తుడిచే వైపర్ కూడా మార్చేశా.

నాజిళ్లన్నీ నిండాయి. బ్యానర్ మీద మాత్రం సమాన దూరంలో సన్నటి తెల్లగీతలు మిగిలాయి. అది ఫీడ్ లెక్క, అంటే ఒక్కో స్టెప్‌కు మెటీరియల్ ఎంత జరగాలన్నది: మెటీరియల్ ఎక్కువ జరిగితే తెల్లగీత, తక్కువ జరిగితే ముదురుగీత. స్టెప్ కాస్త తగ్గిస్తే పోయింది.

"ఖలాస్?" అన్నాడు ముదీర్.

"ఖలాస్."

స్విచ్ ఎవరు ఆపారో నేను అడగలేదు. సాయంత్రానికి దాని పక్కన తెలుగులో, హిందీలో, మలయాళంలో "ముట్టొద్దు" అని స్టిక్కర్ ఉంది. తమ్ముడే కొట్టి అంటించాడు, మజెంటా రంగులో.