జీరో అవర్‌లో మా మురుగు కాలువ

నిన్న టీవీలో శాసనసభ సమావేశాలు చూశాం. సభ్యులు అత్యవసర సమస్యలు లేవనెత్తే జీరో అవర్‌లో మా ఎమ్మెల్యేగారు లేచి కోనసీమ మురుగు కాలువల గురించి మాట్లాడారు. గుర్రపుడెక్క, పూడిక, సముద్రం పోటు మీద ఉన్నప్పుడు వెనక్కి తన్నే నీళ్లు, ఏదీ వదల్లేదు. నాన్న మజ్జిగన్నం కలపడం ఆపి మరీ విన్నారు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మా డెల్టాకు నీళ్లు రావడం పెద్ద బాధ కాదు, వచ్చిన నీళ్లు పోవడమే బాధ. 2011లో ఇక్కడి రైతులు ఖరీఫ్ వరి వేయకుండా పంట విరామం ప్రకటించడానికి ఈ ముంపు కూడా ఒక కారణం. ఆ ఏడు మా చేనూ బీడే. నాన్న గట్టు వైపు కూడా వెళ్లలేదు.

మంత్రిగారు పరిశీలిస్తామన్నారు. (ఆ మాట మాకు కొత్త కాదు.)

తర్వాత ఎమ్మెల్యేగారు కౌలు రైతుల మాట ఎత్తారు. 2019 చట్టం ప్రకారం సాగు హక్కు పత్రానికి భూయజమాని సంతకం తప్పనిసరి. అది దొరక్క పంట రుణాలు అందడం లేదన్నారు. ఇప్పుడు మా రెండెకరాలు చేస్తున్న పెద్దాయన మూడేళ్లుగా ఆ సంతకమే అడుగుతున్నాడు. నాన్న “చూద్దాంలే” అంటూనే ఉన్నారు.

నాన్న చెయ్యి మెల్లగా రిమోట్ వైపు వెళ్లింది. నేను ముందే తీసి దాచేశాను.