అమెరికా వర్సిటీ వర్క్‌షాప్ కొలువు: నడపడం కన్నా ఆపడమే పని

ఎంఎస్‌కని ఆగస్టులో అమెరికాలో దిగిన మనవాళ్లు క్యాంపస్ ఉద్యోగం అనగానే డైనింగ్ హాలు, లైబ్రరీ, ఐటీ హెల్ప్‌డెస్క్ చుట్టూ తిరుగుతారు. ఇంజినీరింగ్ కాలేజీ మెషిన్ షాప్, మేకర్‌స్పేస్ (ఎవరి వస్తువు వాళ్లే చేసుకునే ఉమ్మడి వర్క్‌షాప్), ఆర్కిటెక్చర్ వాళ్లు మోడళ్లు చేసుకునే ఫ్యాబ్ ల్యాబ్ వైపు చూసేవాళ్లు తక్కువ. అక్కడ దారి కాస్త వేరు. ముందు యూజర్‌గా చేరి వాళ్ల సేఫ్టీ ట్రైనింగ్ పూర్తిచేసినవాళ్లనే చాలాచోట్ల షాప్ అసిస్టెంటుగా తీసుకుంటారు. అందుకే ప్రకటన కోసం కాచుక్కూర్చోకుండా మొదటి నెలలోనే ట్రైనింగుకు పేరివ్వాలి. ప్రకటనలో ‘వర్క్ స్టడీ ఓన్లీ’ అని ఉంటే వదిలేయండి. అది ఫెడరల్ ఆర్థిక సాయం కింద ఇచ్చే కొలువు, ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా వాళ్లకు రాదు. మిగతావాటికి క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటల దాకా, సెలవుల్లో పూర్తికాలం. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక, దాంతోపాటు ఇంటర్నేషనల్ ఆఫీసు ఇచ్చే లేఖ పట్టుకెళ్లి సోషల్ సెక్యూరిటీ నంబరుకు దరఖాస్తు చేసుకోవాలి.

జార్జియా టెక్‌లోని ఇన్వెన్షన్ స్టూడియో 2009 నుంచి విద్యార్థుల చేతుల మీదుగానే నడుస్తోంది. క్లీవ్‌లాండ్‌లో కేస్ వెస్టర్న్ వర్సిటీ వాళ్ల థింక్‌బాక్స్ ఏకంగా ఏడంతస్తుల భవనం, బయటివాళ్లనూ రానిస్తారు. పేరేదైనా, హంగులెన్నున్నా, తలుపు దగ్గర బల్ల వెనక కూర్చునేది చాలావరకు ఒక స్టూడెంటే.

మన బీటెక్ మొదటి ఏడాది వర్క్‌షాప్ గుర్తుంది కదా. ఫిట్టింగ్, కార్పెంటరీ, టిన్ స్మితీ, హౌస్ వైరింగ్. మైల్డ్ స్టీల్ ముక్కను ఆకురాయితో అరగదీసి వీ-ఫిట్ చేయడం, చెక్కతో హాఫ్ ల్యాప్ జాయింటు, ఆపైన రికార్డు మీద సంతకం. లేత్ (ముక్కను తిప్పుతూ చెక్కే మెషిన్) దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇన్‌స్ట్రక్టర్ తిప్పుతుంటే ఇరవై మంది చుట్టూ నిలబడి చూడటమే. ఇక్కడ అది తలకిందులు. మెషిన్ మీద చేయి విద్యార్థిది, అసిస్టెంటు చేతులు కట్టుకుని పక్కన నిలబడాలి. అవతలివాడు తడబడుతున్నాడని జాలిపడి పార్ట్ మీరే చేసిపెడితే సూపర్‌వైజర్ మెచ్చుకోడు. ఆకురాయి పట్టిన అలవాటు మాత్రం వృథా కాదు. మిల్లింగ్ అయిన ముక్క అంచుకు బర్ (కోతలో మిగిలిన పదునైన పీలిక) తీయడం ఇక్కడి పిల్లల్లో చాలామందికి చూపించాల్సి వస్తుంది.

మొదటి తనిఖీ మనిషికే. 2011 ఏప్రిల్‌లో యేల్ వర్సిటీ వర్క్‌షాప్‌లో రాత్రిపూట ఒంటరిగా పనిచేస్తున్న విద్యార్థిని జుట్టు లేత్‌లో చిక్కుకుని ప్రాణం పోయింది. మెషిన్ షాపులో ఒంటరిగా పనిచేయకూడదన్న నిబంధన ఎందుకో ఎవరైనా అడిగితే ఇదొక్కటి చెబితే చాలు. జుట్టు ముడి వేసి లోపలికి దోపాలి, పొడుగు చేతుల చొక్కా మోచేతి పైకి మడవాలి, ముందువైపు మూసిన బూట్లు ఉండాలి. తిరిగే మెషిన్ దగ్గర గ్లోవ్స్ అసలే వద్దు. రక్షణ అనుకుని వేసుకుంటారు గానీ డ్రిల్ బిట్ ముందు పట్టుకునేది ఆ గుడ్డనే. మన పిల్లల విషయంలో ఇంకోటి చూడాలి: మణికట్టుకు కాశీదారం, రాఖీ, మెడలో గొలుసు. దారం తీయడానికి మనసొప్పకపోతే ఆ రోజు లేత్ వద్దు, 3డీ ప్రింటర్ దగ్గర పనిచేసుకోమనాలి.

తర్వాతి తలనొప్పి అంగుళాలు. షాపులో ‘ఫైవ్ థౌ’ అంటే అంగుళంలో వెయ్యింట అయిదో వంతు, అంటే 0.127 మిల్లీమీటర్లు. డ్రిల్ బిట్లు భిన్నాల్లో కొన్ని, నంబర్లతో కొన్ని, అక్షరాలతో కొన్ని ఉంటాయి. 1/4-20 (పావంగుళం వ్యాసం, అంగుళానికి 20 మరలు) ట్యాప్‌కు, అంటే రంధ్రంలో మరలు కోసే పనిముట్టుకు, ముందు నంబర్ 7 డ్రిల్ కావాలి, అది 0.201 అంగుళం. ఎం6కి, అంటే 6 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టుకు, 5 మిల్లీమీటర్ల డ్రిల్. కంటికి రెండు బోల్టులూ ఒకేలా కనిపిస్తాయి. ఎం6 బోల్టు 1/4-20 రంధ్రంలోకి రెండు చుట్లు సాఫీగానే దిగి ఆగుతుంది. అక్కడ స్పానర్‌తో బలం పెట్టారా, అల్యూమినియం మరలన్నీ చెరిగిపోతాయి. మెషిన్ ఎన్ని ఆర్పీఎంలో తిరగాలో లెక్కకు మనం చదివింది 1000వీ బై పైడీ (వీ కటింగ్ స్పీడు, డీ వ్యాసం). ఇక్కడ గోడ మీద రాసి ఉండేది: నాలుగు రెట్ల కటింగ్ స్పీడును వ్యాసంతో భాగించు. స్పీడు నిమిషానికి అడుగుల్లో, వ్యాసం అంగుళాల్లో. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) అరంగుళం ఎండ్ మిల్లుకు, అంటే మిల్లింగ్ మెషిన్ కోత పనిముట్టుకు, మైల్డ్ స్టీలు మీద 100 అడుగులు వేసుకుంటే 800 ఆర్పీఎం, అల్యూమినియం మీద 250 వేసుకుంటే 2,000.

ఆర్కిటెక్చర్ షాపులో అసలు జాతర రివ్యూకు (విద్యార్థులు తమ డిజైన్లు చూపించే రోజుకు) ముందు వారం. లేజర్ కట్టర్ ముందు క్యూ కడతారు, నిద్రలేని కళ్లు, చేతిలో ఏదో ప్లాస్టిక్ షీటు. అదేమిటో తెలియకపోతే కట్ చేయనివ్వకూడదు. యాక్రిలిక్ సరే. పీవీసీ అయితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ఊపిరితిత్తులకూ మెషిన్ పట్టాలకూ చేటే. పాలీకార్బొనేట్ తెగదు, పసుపెక్కి పొగ చిమ్ముతుంది. సందేహం ఉంటే షాప్ టెక్నీషియన్ చేసే రాగితీగ పరీక్ష ఉంది: ఎర్రగా కాల్చిన తీగను షీటు మూలకు తగిలించి మళ్లీ మంటలో పెడితే, క్లోరిన్ ఉంటే మంట ఆకుపచ్చగా మారుతుంది.

నిప్పు అంటుకోవడానికి సగం కారణం ఫైల్లోనే ఉంటుంది. ఒకే గీత మీద ఇంకో గీత పడి ఉంటే లేజర్ రెండుసార్లు అదే దారిలో వెళ్తుంది. మొదటిసారికి తెగిన చిప్‌బోర్డు (దళసరి అట్ట) రెండోసారికి బొగ్గై రాజుకుంటుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్ రైనోలో సెల్‌డప్, ఆటోక్యాడ్‌లో ఓవర్‌కిల్ కమాండు (ఒకదానిమీద ఒకటి పడిన గీతలను పట్టేవి) కొట్టి చూపించమనండి, అర నిమిషం పని. ఎయిర్ అసిస్ట్ (కట్ అయ్యేచోట గాలి ఊదేది) ఆన్‌లో ఉందా, ఫోకస్ సరిపోయిందా, షీటు వంగి లేచి ఉందా, ఇవి మెషిన్ దగ్గర చూసుకోవాల్సినవి. లేజర్ వెంట చిన్న మెరుపు వచ్చిపోతే ఫర్వాలేదు. లేజర్ ముందుకు కదిలిపోయాక కూడా అక్కడ మంట నిలబడితే వెంటనే ఆపాలి. అందుకే కట్ అవుతున్నంతసేపూ మెషిన్ ముందు మనిషి ఉండాలి, కాఫీకి వెళ్లొస్తానంటే జాబ్ ఆపి వెళ్లమనాలి.

కొలతల్లో వచ్చే గొడవ వేరు. ఇక్కడ మోడల్ స్కేలు 1/8 అంగుళానికి ఒక అడుగు, అంటే 1:96. మనకు చేయి తిరిగింది 1:100. టీములో ఒకరు ఇదీ ఒకరు అదీ పెట్టుకుంటే 24 అంగుళాల మోడల్‌లో దాదాపు అంగుళం తేడా వస్తుంది, రాత్రి రెండింటికి అతికించబోతే గానీ బయటపడదు. ప్లైవుడ్ పేరుకు 1/8 అంగుళం, కాలిపర్ పెడితే 2.9 మిల్లీమీటర్లు ఉండొచ్చు, 3.3 ఉండొచ్చు. పైగా లేజర్ కిరణం తన మందం మేర చెక్కను తినేస్తుంది. లెక్కలతో కుస్తీ పట్టేకంటే మిగిలిన ముక్క మీద 2.8 నుంచి 3.3 దాకా 0.1 చొప్పున పెంచుతూ ఆరు గాడులు కట్ చేయించి, ఏది బిగువుగా పడితే ఆ కొలత ఫైల్లో పెట్టించండి.

3డీ ప్రింట్ల గురించి రెండు ముక్కలు చాలు. ఎస్‌టీఎల్ ఫైల్లో యూనిట్లు ఉండవు, అంగుళాల్లో గీసింది మిల్లీమీటర్లుగా చదివితే 25.4 రెట్లు కుంచించుకుపోతుంది. రెండంగుళాల కిటికీ కమ్మీ 1:96లో అర మిల్లీమీటరు, 0.4 నాజిల్‌తో అది నిలబడదు. దళసరి చేసుకుని రమ్మనాలి.

టేబుల్ సా (బల్ల మీద తిరిగే రంపం) దగ్గర సాస్టాప్ రక్షణ ఉంటే బ్లేడుకు చర్మం తగిలిన 5 మిల్లీసెకన్లలో అల్యూమినియం బ్రేకు బ్లేడులోకి దూసుకెళ్లి ఆపేస్తుంది. వేలు దక్కుతుంది, బ్రేకు కాట్రిడ్జ్ పోతుంది, చాలాసార్లు బ్లేడు కూడా పోతుంది. తడి చెక్క, రేకు అతికించిన బోర్డు, అల్యూమినియం తగిలినా అది మనిషి వేలే అనుకుంటుంది. అది కిక్‌బ్యాక్‌ను మాత్రం ఆపలేదు. ఫెన్స్‌కూ (చెక్కను ఆనించే పట్టీ) బ్లేడుకూ మధ్య చెక్క ఇరుక్కుంటే వెనక్కి రయ్యిన వస్తుంది. రైవింగ్ నైఫ్ (బ్లేడు వెనక తెగిన చెక్కను విడిగా ఉంచే రేకు) తీసేసి ఉంటే స్విచ్ వేయనివ్వొద్దు, బ్లేడుకు తిన్నగా ఎదురుగా నిలబడనివ్వొద్దు.

ఇవన్నీ నేర్చుకోవచ్చు. మనవాళ్లకు నిజంగా కష్టమనిపించేది పెద్దవాళ్ల పేరు చెప్పినప్పుడు కాదనడం. ‘ఫలానా ప్రొఫెసర్ ఓకే అన్నారు’ అంటూ ట్రైనింగ్ లేని మనిషి వస్తాడు. సార్ చెప్పారంటే తలూపడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇక్కడ ఆ షిఫ్టులో షాపు బాధ్యత మీది, ప్రొఫెసర్‌ది కాదు. మర్యాదగా, పొట్టిగా చెప్పండి: ట్రైనింగ్ రికార్డులో మీ పేరు లేదు, ఫలానా రోజు స్లాట్ ఉంది, రాసుకోమంటారా? వాదన పెరిగితే సూపర్‌వైజర్‌కు ఈమెయిల్, అంతే. అంతకంటే ఇబ్బంది మనవాళ్లతోనే. మూసేసే టైముకు ఇరవై నిమిషాల ముందు ‘అన్నా, ఈ ఒక్కసారికి’ అంటూ నలభై నిమిషాల జాబ్ పట్టుకొస్తారు. ఉన్న టైములో అయ్యే చిన్న షీటు ఒకటి కట్ చేయించి, మిగతాది పొద్దున మొదటి స్లాట్‌కు రాసిపెట్టండి. ఎందుకంటే ఆ తర్వాత మీకు పని ఉంది: చక్ కీ (లేత్ చక్‌ను బిగించే తాళం) స్థానంలో ఉందో లేదో చూడటం, లేజర్ ట్రేలో ముక్కలు ఊడ్చడం, లిన్సీడ్ నూనె అంటిన గుడ్డలను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయడం. అవి కుప్పగా పడి ఉంటే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి.

ఈ శుభ్రం చేసే టైము కూడా టైమ్‌షీట్‌లో పడుతుంది. క్యాంపస్‌లో రెండు కొలువులుంటే రెండింటి గంటలూ కలిపే ఆ 20. రివ్యూ వారంలో మనుషులు చాలక సూపర్‌వైజరే ఇంకో షిఫ్ట్ వేసుకోమంటాడు. గంటలు దాటిపోతాయనుకుంటే ఆయనకూ కాదనే చెప్పాలి. వీసా స్టేటస్ మీది.