పావు అంటే పదిహేనా, ఇరవై ఐదా?

మే 4

మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చి వారమైంది. ఆరేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ ఫోనులో 14:10 అని కనిపిస్తే 'పద్నాలుగు పది' అని గడగడా చదువుతుంది. అదే సమయానికి మా గోడ గడియారం చూపిస్తే 'రెండు, రెండు' అంటుంది. తప్పేమీ లేదు, ముళ్ళు రెండూ రెండు దగ్గరే ఉన్నాయి మరి.

సాయంత్రం కిరాణా కొట్టులో నేను జేబులోంచి నోటు తీస్తుంటే 'డబ్బులు ఎందుకు తాతయ్యా, ఫోను చూపిస్తే ఇచ్చేస్తారుగా' అంది. ముప్పై రెండేళ్ళు బ్యాంకు కౌంటరు వెనక నోట్లు లెక్కపెట్టినవాడిని, ఆ మాట కాస్త గుచ్చుకుంది. ఉద్యోగ విరమణ తరువాత అట్టముక్కలు, జిగురు, కత్తెరతో ఏదో ఒకటి చేస్తూ కూర్చోవడం నా సరదా. ఈ సెలవుల్లో ఒక గడియారం, ఒక ఉత్తుత్తి కొట్టు చేద్దామనుకుంటున్నాను.

మే 6

మిఠాయి పెట్టె అట్ట మీద 11 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీశాను. పన్నెండు భాగాలకు కోణమానిని అక్కర్లేదు. వృత్తలేఖినిని అదే కొలతలో ఉంచి అంచు మీద ఒకదాని తరువాత ఒకటి గుర్తు పెట్టుకుంటూ పోతే సరిగ్గా ఆరుసార్లకు మొదటికి వస్తుంది. ఆ ఆరింటి మధ్య ఒక్కో గుర్తు పెడితే పన్నెండు. ముళ్ళు బిగించడానికి పాత రవిక టిచ్ బొత్తాం వాడాను, ఇరుసుగా బాగా పనికొచ్చింది.

పని నున్నగా వచ్చింది కానీ పాఠం చెడింది. 'మూడున్నర పెట్టు' అంటే చిన్నముల్లు సరిగ్గా మూడు మీద, పెద్దముల్లు ఆరు మీద పెట్టింది. నేను శభాష్ అన్నాను కూడా. కాసేపటికి గోడ గడియారంలో నిజంగా మూడున్నర అయితే ఒప్పుకోలేదు: 'చిన్నముల్లు మూడు మీద లేదుగా!' రెండు ముళ్ళూ దేని దారిన అది తిరిగే బొమ్మ గడియారం పిల్లకు అబద్ధం నేర్పింది. కొట్లలో అమ్మే రంగురంగుల ప్లాస్టిక్ గడియారాలు కూడా చాలావరకు ఇంతే.

మే 7

పెద్దముల్లు పీకేశాను. పన్నెండు భాగాలకూ రంగులు వేసి వాటికి 'ఇళ్ళు' అని పేరు పెట్టాం, తొక్కుడుబిళ్ళలో లాగా. ముల్లు ఏ ఇంట్లో ఉంటే ఆ గంటే, పక్కింటి గీత దాటేదాకా మారదు. ఇల్లు నడిమధ్యన ఉంటే 'న్నర'. మూడు రోజుల్లో 'నాలుగో ఇంట్లోనే ఉంది కానీ అయిదు దగ్గరికి వచ్చేసింది' అనే దాకా వచ్చింది. గడియారం చదవడంలో సగం పైగా ఈ ఒక్క ముల్లే. నిమిషాలతో మొదలుపెట్టడం నా తొందరపాటు.

మే 11

అటక మీద అద్దం పగిలిన పాత గోడ గడియారం ఉంది. దాని యంత్రం తీసి నా అట్టకు బిగించాను. చేయాలనుకునేవారికి నాలుగు మాటలు. బ్యాటరీ ముందే తీసేయాలి. సెకన్ల ముల్లు, నిమిషాల ముల్లు, గంటల ముల్లు, ఈ వరుసలో నిలువుగా పైకి లాగాలి, పక్కకు వంచితే ఇరుసు పోతుంది. నా యంత్రానికి అట్టలో 8 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోయింది. తిరిగి బిగించేటప్పుడు రెండు ముళ్ళూ పన్నెండు మీద ఉండేట్టు నొక్కాలి, లేకపోతే అర ఇల్లు తేడాతో జీవితాంతం తప్పే చూపిస్తుంది. ఒకదానికొకటి రాసుకోకుండా చూడాలి.

సెకన్ల ముల్లూ బ్యాటరీ తిరిగి పెట్టలేదు. వెనక ఉన్న చిన్న చక్రం తిప్పితే పెద్దముల్లు ఒక చుట్టు తిరిగేసరికి చిన్నముల్లు ఒక ఇల్లు దాటుతుంది. పిల్ల దాన్ని అరగంట సేపు ముందుకూ వెనక్కూ తిప్పింది. నేనేమీ చెప్పలేదు.

మే 14

నిమిషాలకు ఐదో ఎక్కం. పెద్దముల్లు మూడు మీద ఉంటే ఐదు మూళ్ళు పదిహేను, నాలుగు మీద ఉంటే ఐదు నాలుగులు ఇరవై. 'ఐదేళ్ళు ముప్పై ఐదు' దగ్గర ఆగిపోయి, 'నాకు ఆరేళ్ళు, మరి నేనెంత?' అని పకపకా నవ్వింది. ఆ రోజు పాఠం అక్కడితో సరి.

గంట, గడియారం అంటూ ఉంటే 'గడియ' అంటే ఏమిటని అడిగింది. 24 నిమిషాలు, రోజుకు అరవై గడియలు అని చెప్పాను. 'మరి మన గడియారంలో గడియలు ఏవి?' అంది. జవాబు లేదు.

మే 16

చిల్లర. మూలధనం: రూపాయి బిళ్ళలు పది, రెండు రూపాయలవి ఐదు, ఐదు రూపాయలవి ఆరు, పది రూపాయలవి నాలుగు, మొత్తం 90 రూపాయలు. నిజమైనవే, సబ్బునీళ్ళలో కడిగి ఆరబెట్టాను. ఎదురింటి మూడేళ్ళ పిల్లవాడు వస్తే డబ్బా పైకి ఎక్కిస్తున్నాం. వాడికి అన్నీ నోట్లో పెట్టుకునేవే.

మొదటి చిక్కు బిళ్ళల పరిమాణం దగ్గరే వచ్చింది. పెద్దది ఎక్కువ, చిన్నది తక్కువ అని పిల్ల అనుకోవడం సహజం. కానీ 2011లో మొదలైన వరుసలో రెండు రూపాయల బిళ్ళ 25 మిల్లీమీటర్లు, ఐదు రూపాయలది 23. 2019లో విడుదలైన వరుసలో సరిగ్గా తారుమారు: రెండుది 23, ఐదుది 25. చూపు లేనివారు తడిమి గుర్తుపట్టేందుకు విలువతో పాటు పరిమాణమూ పెరిగేట్టు చేశారు. రెండు వరుసలూ కలిపి పోస్తే ఆరేళ్ళ పిల్లకే కాదు, నాకూ తడబాటే. అందుకని పాతవి పక్కన పెట్టి, 2019 వరుసవే బ్యాంకుకు వెళ్ళి మార్చి తెచ్చాను. వారం తరువాత పాతవి కలిపాను, అప్పుడు అంకె చూసే అలవాటు వచ్చింది.

నోట్లు కూడా అసలువే. రంగు జిరాక్సు తీద్దామని మా అల్లుడు సలహా ఇచ్చాడు. నోటును పోలిన కాగితం తయారుచేయడం నేరమని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పది రూపాయల నోటు వెనక ఎడమ వైపు పదిహేను భాషల పట్టీలో మన 'పది రూపాయలు' కింద నుంచి రెండోది. దాన్ని వెతికి పట్టుకోవడం ఒక ఆట అయింది. అదే వైపున కోణార్క చక్రం ఉంది. అక్కడి గైడ్లు ఆ చక్రం నీడతో సమయం చెప్పి చూపిస్తారు. పెద్ద ఆకులు ఎనిమిది, ఒక్కోదానికి మూడు గంటలు. నోటు మీద గడియారం ఉందని పిల్ల ఇల్లంతా చాటింది.

మే 20

అసలు ముడి ఇవాళ పడింది. నిన్న చిల్లర ఆటలో 'రూపాయిన్నర అంటే రూపాయి యాభై పైసలు' అని చెప్పాను. ఇవాళ గడియారంలో ఏడున్నర చూపిస్తే 'ఏడు యాభై' అంది. ఏడుంపావు చూపిస్తే 'ఏడు ఇరవై ఐదు'. ఎక్కం వచ్చు, ముల్లు వచ్చు, అయినా మాట పక్కదారి పట్టించింది. మనకు అర, పావు, ముప్పావు అనే మాటలు డబ్బుకూ కాలానికీ ఒకటే. ఈ రెండు పాఠాలూ ఒకే వారంలో కలిపి నడిపింది నేనే కదా.

పాత డబ్బాలో ఖడ్గమృగం బొమ్మ ఉన్న పావలాలు నాలుగు దొరికాయి. 2011 జూన్ 30తో వాటి చెల్లుబాటు పోయింది, ఇలా పాఠానికి పనికొచ్చాయి. ఒకే కొలతలో రెండు అట్ట బిళ్ళలు కోశాను. ఒకదాని అంచున వంద గీతలు, రెండోదాని అంచున అరవై. వంద గీతలు గీయడానికి పూట పట్టింది, కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నాను. రెండింటినీ నాలుగేసి ముక్కలు చేసి ఒకదాని మీద ఒకటి పెడితే ముక్కలు సరిగ్గా సరిపోయాయి. గీతలు లెక్కపెట్టమన్నాను. ఇరవై ఐదు ఒకదానిలో, పదిహేను ఇంకోదానిలో. మళ్ళీ లెక్కపెట్టింది. మూడోసారి కూడా.

మర్నాడు 'పావు అంటే ఎంత?' అని అడిగితే 'దేంట్లో పావు, తాతయ్యా?' అంది.

మే 24

కొట్టు తెరిచాం. ఖాళీ ఉప్పు పొట్లం, సబ్బు డబ్బా, అగ్గిపెట్టెలు సరుకులు. ధరలన్నీ మొదట ఐదు గుణిజాలే, తరువాత 37, 18 లాంటివి. చిల్లర ఇవ్వడానికి తీసివేత నేర్పలేదు. 37 రూపాయల సరుకుకు యాభై నోటు ఇస్తే సరుకు ధర నుంచి పైకి ఎక్కాలి: ముప్పై ఏడు, రూపాయి పెడితే ముప్పై ఎనిమిది, రెండు పెడితే నలభై, పది పెడితే యాభై. కౌంటరులో నేను చిల్లర ఇచ్చింది కూడా ఇలాగే. రెండో రోజుకే నాకు మూడు రూపాయలు తగ్గించి ఇచ్చి, 'చిల్లర లేదు, చాక్లెట్ తీసుకోండి' అంది. అది నేను నేర్పింది కాదు.

మే 27

నిజం కొట్టులో మొదటి కొనుగోలు. రబ్బరు ఐదు రూపాయలు. పది రూపాయల బిళ్ళ చాచి ఇచ్చింది. 'ఈ బిళ్ళలు చెల్లవు' అన్నాడు కొట్టతను. పది రూపాయల బిళ్ళల పద్నాలుగు నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే ప్రకటించింది. చెప్పాను, వినలేదు. పిల్ల ముఖం చిన్నబోయింది. పక్క వీధిలో రబ్బరు దొరికింది, అక్కడ మారు మాట్లాడకుండా బిళ్ళ తీసుకుని ఐదు తిరిగి ఇచ్చారు. ఇంటికొచ్చాక మా ఉత్తుత్తి కొట్టు ముందు అట్ట వేలాడదీసింది: 'ఇక్కడ అన్ని బిళ్ళలు తీసుకుంటాం'.

మే 30

నిమిషం ఎంతసేపు? కళ్ళు మూసుకుని నిమిషం అయిందనుకున్నప్పుడు చెయ్యి ఎత్తాలి. మొదటిసారి 22 సెకన్లకే ఎత్తింది. ఇడ్లీలు ఉడికే పది నిమిషాలు గడియారం ఎదురుగా కూర్చోబెట్టిన తరువాత 41, ఇవాళ 55. నాది 48, బయట చెప్పకండి.

ముప్పావు ఇంకా కుదరలేదు. తొమ్మిది ముప్పావు అంటే చిన్నముల్లు పదికి దగ్గరగా ఉంటుంది కదా, పది ముప్పావు అంటోంది. రేపు రైతుబజారుకు వెళ్ళాలి. పావు కిలో పచ్చిమిరపకాయలు ఆమె చేతే అడిగించాలని ఉంది. 250 సంగతి ఇంకా చెప్పలేదు.