నూతిలోంచి మాటలు

పదకొండున్నర దాటింది. అమ్మ పడుకుంది. నాకు నిద్ర రావట్లేదు.

అమ్మకిష్టమైన పాత సినిమా డీవీడీకి నాలుగు రాత్రులు కూర్చుని చేసిన కాపీని సాయంత్రం పెన్‌డ్రైవ్‌లో తెచ్చి టీవీకి పెట్టాను. పావుగంట చూసిందో లేదో, "ఏరా, మాటలు నూతిలోంచి వస్తున్నట్టున్నాయి. పాటలకేమో చెవులు పగిలిపోతున్నాయి. ఆ డిస్కే పెట్టరాదూ," అంది. అంతే, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చుంది.

ఆ నాలుగు రాత్రుల్లో రెండు లోగోకే పోయాయి. ఆ డిస్కు వేసినవాళ్ళ మీద నా కోపం ఇప్పట్లో తగ్గదు. డబ్బులిచ్చి కొనుక్కున్న సినిమా అది. మొదటి ఫ్రేము నుంచి చివరిదాకా కుడివైపు పైమూలన వాళ్ళ కంపెనీ లోగో. పాట మొదలైతే చాలు, కింద ఫోన్ నంబరు పాకుతూ పోతుంది. సబ్‌టైటిల్‌లా వేరే ట్రాకులో ఉంటే తీసి పారేయొచ్చు. బొమ్మలోనే కలిపి అచ్చేశారు. లోగోని చెరిపే డీలోగో ఫిల్టర్ పెట్టి చూశాను. చుట్టుపక్కల రంగుల్ని తెచ్చి అక్కడ పూస్తుంది. ఆకాశం ఉన్నచోట సరే, మనిషి మొహం ఆ మూలకొస్తే మసి గుడ్డతో తుడిచినట్టు ఉంది. ఒక్కో షాటుకీ విడివిడిగా కొలతలిచ్చాను. కెమెరా ఎంతో ఓపిగ్గా పట్టిన దృశ్యం మీద ఎవరికైనా సంతకం పెట్టే హక్కు ఎక్కడిది?

అసలు ఈ సినిమా మా ఇంటికి మొదట వచ్చింది వీసీడీగా. ఒక్కో డిస్కులో గంటంపావు పట్టేది, అందుకే మూడు డిస్కులు. మార్చే పని నాది. ఓ వేసవి రాత్రి వీధి సగం మా అరుగు మీదే ఉంది. మూడో డిస్కు గీతలు పడి ఆగిపోయింది. గుడ్డతో తుడిచాను, టూత్‌పేస్టు రాశాను, కదల్లేదు. అప్పుడు అమ్మ లేచింది. పెళ్ళికి ముందు హాల్లో రెండుసార్లు చూసిందట. తండ్రి మాటలు తండ్రి గొంతుతో, కూతురి మాటలు కూతురి గొంతుతో, ముప్పావుగంట చెప్పింది. ఎదురింటి అత్తయ్యగారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. క్లైమాక్స్ నేను తెర మీద చూసింది ఆ తర్వాత మూడేళ్ళకి. అమ్మ చెప్పిందే బాగుందనిపించింది.

సాయంత్రం మాత్రం అమ్మకి వినికిడి తగ్గిందేమో అనుకున్నాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలనీ అనుకున్నాను. ఇందాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని డిస్కునీ కాపీనీ పక్కపక్కన విన్నాను. అమ్మ చెవులు బంగారంలా ఉన్నాయి. తప్పు నాది. ఆరు ఛానెళ్ళ 5.1 ఆడియో ఒక్కటే 500 ఎంబీ దాకా ఉందని రెండు ఛానెళ్ళ స్టీరియోకి కుదించాను. సంభాషణలు ఎక్కువగా మధ్య ఛానెల్లో ఉంటాయి. ఆరింటినీ రెండింట్లో కలిపేసరికి సంగీతం వాటి మీద పడిపోయింది. మా డీవీడీ ప్లేయర్ పెద్ద శబ్దాన్ని కాస్త అణిచి చిన్న శబ్దాన్ని లేపుతుంది. నేను కాపీకి వాడిన హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో ఆ పని డీఆర్‌సీ అనే సెట్టింగు చేస్తుంది, మనం చెబితేనే. నేను సున్నా దగ్గరే వదిలేశాను. బొమ్మ నాణ్యతని నిర్ణయించే సీఆర్ఎఫ్ అంకె 18 పెట్టాలా 20 పెట్టాలా అని గంటలు గంటలు ఆలోచించిన వాణ్ణి, ఆడియో పేజీలో నిమిషం కూడా ఆగలేదు.

లోగో ఇక వదిలేస్తున్నాను. మసక మొహాలకంటే అదే నయం. ఫోన్ నంబరు మాత్రం... పాటల్లో కింది అంచు కత్తిరిస్తే పోతుంది గానీ పాదాలూ పోతాయి. నాట్యం పాదాల్లోనే ఉంది. అదీ ఉండనీ.

డీఆర్‌సీ 2 పెట్టి మళ్ళీ మొదలుపెట్టాను. అసలు 5.1 ట్రాకు కూడా ముట్టుకోకుండా పక్కన ఉంచాను, ఫైలు ఎంత పెరిగినా సరే. 37 శాతం అయింది. రేపు పొద్దున అమ్మ వంటింట్లో ఉండగా ముందుగదిలో వేస్తాను. పోపు చప్పుడు దాటి మాటలు అక్కడిదాకా వినబడాలి.